నిద్రని గెలిచినవాడే "పడుకోండి" అన్నాడు

భగవద్గీత ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాల గురించి వీడియోలో మాట్లాడుకున్నాం కదా. టైం సరిపోక అక్కడ చెప్పలేకపోయిన కథ ఒకటుంది. ఆఫీసు డెడ్‌లైనో, పోటీ పరీక్షో నెత్తిమీద పెట్టుకుని రాత్రిళ్లు మేలుకునేవాళ్లు తప్పకుండా చదవండి.

ముందు ఆ శ్లోకాల సారం. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అస్తమానం మేలుకుని ఉండేవాడికీ యోగం కుదరదు. తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ తగుపాళ్లలో ఉన్నవాడికే అది దుఃఖాన్ని పోగొడుతుంది. మనలో చాలామంది "ఎక్కువ నిద్రపోకూడదు" అన్న సగమే పట్టుకుంటాం. ఇళ్లలో కూడా ఆ సగమే వినిపిస్తుంది లెండి!

ఇంతకీ ఈ మాట వింటున్నది ఎవరు? అర్జునుడు. ఆయనకి గుడాకేశుడు అనే పేరుంది. నిద్రని జయించినవాడు అని పెద్దలు అర్థం చెబుతారు. గీతలో కృష్ణుడే ఆయన్ని ఆ పేరుతో పిలుస్తాడు. అలాంటివాడికి కూడా మెలకువకి ఒక హద్దు ఉందని చెప్పాడు.

ఆ మాట అర్జునుడికి ఎంత వంటబట్టిందో ద్రోణపర్వంలో కనిపిస్తుంది. యుద్ధం 14వ రోజు. సాయంత్రానికి సైంధవుడు పడిపోయాడు. పొద్దుగూకితే ఆగాల్సిన యుద్ధం ఆ రోజు ఆగలేదు, కాగడాల వెలుగులో సాగింది. ఘటోత్కచుడు కూడా పోయాడు. అప్పటికి రెండు వైపులా సైనికులు నిద్రకి తూలిపోతున్నారు. తనవాడెవడో పగవాడెవడో తెలియని స్థితి. అప్పుడు అర్జునుడు గొంతెత్తి, చంద్రుడు వచ్చేదాకా ఇక్కడే పడుకోండి, తర్వాత మళ్లీ మొదలుపెడదాం అన్నాడు. కౌరవసేన కూడా ఒప్పుకుంది, పైగా ఆయన్ని దీవించింది! రథాల మీద, ఏనుగుల మీద, గుర్రాల వీపుల మీద, ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. చంద్రోదయం కాగానే లేచి యుద్ధానికి దిగారు.

నాకు ఇందులో బాగా నచ్చింది ఏంటంటే, ఆ నిద్ర దొంగచాటుగా తీసుకున్నది కాదు. అందరికీ చెప్పి తీసుకున్నది. ఎప్పుడు లేవాలో కూడా ముందే అనుకున్నారు. మరి మనం? లాప్‌టాప్ సగం మూసి, ఐదు నిమిషాలని రీల్స్ తెరిచి, గంట తర్వాత తప్పు చేసినట్టు మళ్లీ పనిలో కూర్చుంటాం. అటు పనీ అవదు, ఇటు ఒంటికి విశ్రాంతీ ఉండదు.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి మీలో చాలామందికి తెలుసు. మంచిదే, వాడండి. త్రికాల సంధ్యావందనం చేసేవాళ్లకి రోజులో మూడుసార్లు పని ఆపడం ఎప్పటినుంచో అలవాటే. తిరుమలలో స్వామికి కూడా సుప్రభాతంతో మేలుకొలుపు ఉంది, రాత్రి ఏకాంతసేవలో పవళింపు ఉంది.

అమెరికా టైమింగ్స్‌లో పనిచేసేవాళ్లు ఒకటి గమనించండి. ఆ శ్లోకాలు గంటల లెక్క చెప్పలేదు, పాళ్లు చెప్పాయి. రాత్రి మేలుకుంటే పగలు పడుకోవాల్సిందే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే అర్జునుడిలాగే ముందు ఇంట్లో చెప్పండి. "అమ్మా, ఒంటిగంట దాకా నన్ను లేపొద్దు, కుక్కర్ ఆ తర్వాత పెట్టు" అని.