ఒకే గుర్తు – ఊరికో అర్థం

పిల్లలూ, బిలాస్‌పూర్ నుంచి మనం ఏ వైపు రైలెక్కినా పట్టాల పక్కన పసుపు పలకలు కనిపిస్తాయి. వాటి మీద నల్లని హిందీ అక్షరాలతో ‘సీ/ఫా’ అని ఉంటుంది. సీటీ, ఫాటక్ అనే మాటల మొదటి అక్షరాలవి. ముందు లెవెల్ క్రాసింగ్ గేటు ఉంది, కూత వెయ్యమని లోకో పైలట్‌కు చెప్పే పలక అది. ఆ పేరుతో ఊరేమీ లేదు, ఆ రాత ప్రయాణికులకోసం కాదు. పలకను చదివేది పైలట్, మనకు వినిపించేది కూత.

కంప్యూటర్‌లో తయారయ్యే పుస్తకాలలోనూ ఇలాంటి పలకలుంటాయి. ‘ఇక్కడ లావు అక్షరాలు వెయ్యి’, ‘ఇక్కడ పట్టిక మొదలుపెట్టు’ అని పుస్తకాన్ని తయారుచేసే ప్రోగ్రాంకు చెప్పే గుర్తులవి. వాటిని మార్కప్ అంటారు. పాఠకుడికి గుర్తు కనిపించకూడదు, దాని ఫలితమే కనిపించాలి. గుర్తు తప్పితే ఏమవుతుందో ఒక నిజమైన పుస్తకం ద్వారా తెలుసుకుందాం.

అసెంబ్లర్ అంటే

ప్రాసెసర్‌కు తెలిసినవి అంకెలే. ‘ఈ రెండు సంఖ్యలు కూడు’ అని మనిషి రాసిన చిన్న ఆజ్ఞను ఆ అంకెల్లోకి మార్చే ప్రోగ్రాం అసెంబ్లర్. అయితే ప్రాసెసర్లన్నిటిదీ ఒకే భాష కాదు. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఇంటెల్, ఏఎండీలది ఒక భాష. ఫోన్లలోని ఏఆర్ఎంది మరొకటి. టింకరింగ్ ల్యాబులో మీరు చూసే ఆర్డుయినో ఊనో బోర్డు మీది ఏవీఆర్‌ది ఇంకొకటి. ఐఐటీ మద్రాసు తయారుచేసిన ‘శక్తి’ ప్రాసెసర్లది రిస్క్-ఫైవ్ భాష.

ఇన్ని భాషలకూ పనికివచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ గ్నూ అసెంబ్లర్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టులో ఇది భాగం. దీని వివరణ గ్రంథాన్ని టెక్సిన్ఫో అనే మార్కప్‌లో రాస్తారు. ఒక్కసారి రాస్తే చాలు, దాని నుంచే వెబ్ పేజీ, అచ్చు పుస్తకం రెండూ తయారవుతాయి. అందరికీ వర్తించే అధ్యాయాలు ఉమ్మడిగా ఉంటాయి. ఒక్కొక్క ప్రాసెసర్ కుటుంబానికి మాత్రం వేరే ఫైలు ఉంటుంది.

గుర్తుల పట్టిక

ప్రోగ్రాంలో మనుషుల కోసం రాసుకునే మాటను కామెంట్ అంటారు. ఆ గుర్తు తర్వాత ఉన్నదాన్ని అసెంబ్లర్ చదవదు. గ్నూ అసెంబ్లర్‌లో ఆ గుర్తు ఇలా మారుతుంది:

ఇంటెల్, ఏఎండీ: #
రిస్క్-ఫైవ్: #
ఏఆర్ఎం (32 బిట్లు): @
ఏఆర్ఎం (64 బిట్లు): //
ఏవీఆర్: ;
స్పార్క్: !
మోటరోలా 68000: |

11వ తరగతి పైథాన్‌లోనూ కామెంట్ గుర్తు # అని మీకు తెలుసు. కానీ 32 బిట్ల ఏఆర్ఎంలో సంఖ్య ముందు # పెడితే, ‘వాడవలసిన విలువ ఈ సంఖ్యే’ అని అర్థం. ఒకచోట ‘దీన్ని చదవకు’ అనే గుర్తు, మరొకచోట ‘దీన్నే తీసుకో’ అంటుంది!

మాయమైన గుర్తు

టెక్సిన్ఫోలో ప్రతి ఆజ్ఞా @ తోనే మొదలవుతుంది. ఏఆర్ఎంలో కామెంట్ గుర్తు కూడా @ యే. ఇద్దరిదీ ఒకే పేరైనప్పుడు హాజరు పట్టీలో వచ్చే చిక్కే ఇక్కడా వస్తుంది. అందుకే టెక్సిన్ఫోలో నిజమైన @ కనిపించాలంటే @@ అని రెండుసార్లు రాయాలి. ఫ్లవర్ బ్రాకెట్లు కనిపించాలన్నా వాటి ముందు @ పెట్టాలి.

ఏఆర్ఎం ఉదాహరణలో ఎవరో @ ఒక్కసారే రాసి, తర్వాత ఖాళీ వదిలారనుకోండి. టెక్సిన్ఫోలో @ పక్కన ఖాళీ ఉంటే, ‘ఒక ఖాళీ వెయ్యి’ అనే ఆజ్ఞ అవుతుంది. కాబట్టి ఏ హెచ్చరికా రాదు. పుస్తకం చక్కగా తయారవుతుంది. గుర్తు మాత్రం మాయమవుతుంది. కామెంట్ మాటలు వెళ్ళి ఆజ్ఞ పక్కన చేరతాయి. చదివినవాడు అలాగే టైపు చేస్తే, ఆజ్ఞ వెనక చెత్త ఉందని అసెంబ్లర్ తిరగ్గొడుతుంది.

ఇక్కడే అసలు నష్టం. తప్పు పుస్తకంలో ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు మాత్రం, ‘నాకే రావడం లేదు’ అనుకుంటాడు. అచ్చులో ఉన్నది తప్పని అతనికి తోచదు.

రెండో రకం తప్పు చూద్దాం. కొన్ని బైట్ల జాగా వదలమని చెప్పే ‘స్కిప్’ అనే ఆజ్ఞ పక్కన గ్రంథంలో ‘సైజు’ అని ఉంటుంది. అక్కడ మనకు కావలసిన సంఖ్య రాయాలి. టీసీ దరఖాస్తులో ‘విద్యార్థి పేరు’ అన్నచోట మనం మన పేరు రాస్తాం కదా, అలాగే. ఇది నింపవలసిన జాగా అని తెలియడానికి అచ్చులో ఆ మాటను వాలు అక్షరాలలో వేసే మార్కప్ ఉంది. అది మరచిపోతే, చదివేవాడు ‘సైజు’ అనే మాటనే ఉన్నదున్నట్టు టైపు చేస్తాడు.

దిద్దే పద్ధతి

తెలుగువారికి ఈ పని కొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. లేఖకుల తప్పులను ఏరివేయడం వారి పని. దీన్నే గ్రంథ పరిష్కరణ అంటాం. మార్కప్ దిద్దేవారికీ అదే క్రమశిక్షణ కావాలి.

1. ముందుగా, ఇది ఏ ప్రాసెసర్ ఫైలో చూడాలి. ఒకచోట దిద్దిన గుర్తును అన్ని ఫైళ్ళలో ఒకేసారి మార్చకూడదు. ఏవీఆర్‌లో సరైన, స్పార్క్‌లో తప్పవుతుంది.
2. తప్పు గుర్తులో ఉందా, విషయంలో ఉందా తేల్చుకోవాలి. గుర్తు దిద్దబోయి అర్థం మార్చకూడదు.
3. అవసరమైనంతే మార్చాలి.
4. పుస్తకాన్ని మళ్ళీ తయారుచేసి కళ్ళారా చూడాలి. హెచ్చరిక రాలేదు కాబట్టి సరిగా ఉందనుకోకూడదు.
5. ఏమి మార్చామో, ఎందుకు మార్చామో ఒక్క వాక్యంలో రాసి నిర్వాహకులకు పంపాలి.

మీకు తెలిసిన విద్యే

బదిలీల మీద మేము ఎన్నో ఊళ్ళు తిరిగాం, మీరూ తిరిగారు. తెలుగులో సున్న అక్షరం పక్కన కూర్చుంటుంది. హిందీలో చుక్కై నెత్తిన కూర్చుంటుంది. తెలుగు వాక్యం చుక్కతో ఆగితే, హిందీ వాక్యం నిలువు గీతతో ఆగుతుంది. కొత్త బడిలో మొదటి నెల ఎర్ర సిరా ఎక్కువ పడితే తెలివి తగ్గినట్టు కాదు. గుర్తు ఇల్లు మారింది, అంతే. ‘ఇక్కడ దీని అర్థమేమిటి?’ అని అడగడం మీకు బదిలీలే నేర్పాయి. ప్రాసెసర్ల గ్రంథాన్ని దిద్దేవాడు మొదట అడిగేదీ ఆ ప్రశ్నే.

అభ్యాసం

1. మీకు తెలిసిన రెండు లిపులలో ఒకేలా కనిపించి, వేరు అర్థమిచ్చే గుర్తులను రాయండి.
2. # గుర్తు పైథాన్‌లో, 32 బిట్ల ఏఆర్ఎంలో చేసే పనులను పోల్చండి.
3. మీ పాఠ్యపుస్తకాలలో ఒక అచ్చుతప్పు వెతకండి. దాన్ని దిద్ది, కారణాన్ని ఒక్క వాక్యంలో రాసి, మీ ఉపాధ్యాయులకు చూపండి.