కొత్త మఠం కట్టడం ఎలా? టేబుల్‌టాప్ గేములు ఆడేవాళ్లకి ఒక పాఠం

"మీ ముందు నల్ల అంగీలు వేసుకున్న సన్యాసులు నిలబడ్డారు." గేమ్ మాస్టర్ ఈ మాట అనగానే ప్లేయర్లు ఏం చేస్తారు? డైస్ చేతిలోకి తీసుకుంటారు. ఆ సన్యాసులు ఏం నమ్ముతారు, ఏం తింటారు అని ఎవరూ అడగరు. అడిగినా జవాబు ఉండదని తెలుసు. మన గేముల్లో కనిపెట్టే మఠాలు చాలావరకు డ్రెస్ దగ్గరే ఆగిపోతాయి.

ఆడని వాళ్ల కోసం రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలు. తేడా వచ్చిన చోట డైస్ తీర్పు చెబుతుంది. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటకి ఒక రూపం వచ్చింది. అందులో మొదటినుంచీ క్లెరిక్ ఉన్నాడు, మరుసటి ఏడాది పాలడిన్ వచ్చాడు. ఇద్దరూ యూరప్ చర్చి నీడలో పుట్టినవాళ్లే. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాలాంటి వాళ్లకి పాలడిన్ అంటే వెంటనే బొమ్మ కనబడుతుంది, పాశుపతుడు అంటే కనబడదు. కానీ వింత మఠం కావాలంటే మన దగ్గరే బోలెడంత సరుకు ఉంది. మూడు ఉదాహరణలు, మూడు ప్రశ్నలు చూద్దాం.

మొదటి ప్రశ్న: వాళ్ల నియమం ఏంటి, దాని వెనక లెక్క ఏంటి?

పాశుపతులు శైవంలో చాలా పాత శాఖ. బూడిదతో స్నానం చేయడం, గుడిలో నవ్వడం, ఆడటం వాళ్ల వ్రతంలో భాగం. తర్వాతి దశ ఇంకా వింత. తాము సాధువులమన్న గుర్తులన్నీ దాచేసి జనంలోకి వెళ్లాలి. నిద్ర నటిస్తూ గురక పెట్టాలి, వణకాలి, కుంటాలి. పిచ్చివాడు అనుకుని జనం తిట్టాలి. ఎందుకు? అన్యాయంగా తిట్టినవాడి పుణ్యం ఇటు వస్తుంది, ఇక్కడి పాపం అటు పోతుంది అని వాళ్ల నమ్మకం. చూశారా, ఇది రెడీమేడ్ గేమ్ రూల్! దారిలో కనబడిన పిచ్చివాణ్ణి వెక్కిరించిన ప్లేయర్‌కి తెలీకుండానే పాయింట్లు తగ్గిపోతాయి. బయటికి పిచ్చిగా కనబడాలి, లోపల లెక్క సరిపోవాలి.

రెండో ప్రశ్న: వాళ్ల అన్నం ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడి దగ్గరే మల్కాపురం ఉంది. అక్కడ రుద్రమదేవి కాలం నాటి, 1261 సంవత్సరపు శాసనం ఉంది. గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామం ఇచ్చిన సంగతి అందులో చదవచ్చు. గుడి, మఠం, చదువు చెప్పేవాళ్లు, అన్నసత్రం మాత్రమే కాదు. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, వైద్యుడు, లెక్కలు రాసేవాడు, కంసాలి, కుమ్మరి, ఊరి కాపలాకి వీరభద్రులు అనేవాళ్లు కూడా ఉన్నారు. అంటే మఠం ఒక చిన్న ఊరు. మన గేమ్‌లో ప్రధాన గురువుని ఎవరైనా కనిపెడతారు. లెక్కలు రాసేవాణ్ణి కనిపెడితేనే కథ కదులుతుంది. రహస్యాలన్నీ అతని దగ్గరే ఉంటాయి కదా.

మూడో ప్రశ్న: ఎవరి చెయ్యి లేకపోతే పని ఆగిపోతుంది?

మా గూడూరు నుంచి రేణిగుంట వైపు రైలెక్కితే వెంకటగిరి వస్తుంది. అక్కడి పోలేరమ్మ జాతర వినాయక చవితి తర్వాత జరుగుతుంది. అమ్మవారి మట్టి బొమ్మ కుమ్మరి ఇంట రూపం తీసుకుంటుంది, అది పుట్టినిల్లు. అక్కణ్ణుంచి చాకలి వీధికి పోతుంది, అది అత్తిల్లు. తర్వాతే గుడి దగ్గరికి. ఊరేగింపు అయ్యాక అదే బొమ్మని విరిచేస్తారు. అంత పెద్ద అమ్మవారు ఊళ్లో ఉండేది కొద్ది గంటలే. ఒక్క ఇల్లు "మేం రాం" అన్నా జాతర నిలబడదు. గేమ్ భాషలో చెప్పాలంటే మంత్రం ఒక్కడి చేతిలో ఉండదు, వీధి వీధికీ పంచి ఉంటుంది.

ఇప్పుడు మూడూ కలిపి ఒకటి కడదాం. పేరు బాకీ మఠం. ఎవరైనా మొక్కు తీర్చకుండా చచ్చిపోతే ఆ మొక్కుని ఈ మఠంవాళ్లు నెత్తిన వేసుకుంటారు. అది తీరేదాకా సొంతంగా ఏదీ కోరుకోకూడదు, అది నియమం. చనిపోయినవాడి ఇంటివాళ్లు పంటలో కొంత ఇస్తారు, అది అన్నం. మొక్కుల చిట్టా రాసే ముసలమ్మ ఒకత్తే ఉంది, ఆమె చెయ్యి లేకపోతే మఠం లేదు. ఇక గొడవ: ఒక సైనికుడు "ఈ రాజుని చంపుతా" అని మొక్కుకుని పోయాడు. ఆ రాజు ఇప్పుడు మంచివాడైపోయాడు, పైగా మన ప్లేయర్లకి దోస్తు. మఠం మాట తప్పాలా, మనిషిని చంపాలా? సగం మంది ఇటు, సగం మంది అటు. ఇక డైస్ తీయక్కర్లేదు, ఒక సాయంత్రం అంతా మాటలతోనే గడిచిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ముఖ్యం. పాశుపత వ్రతం పట్టేవాళ్లు మన వీధిలో కనబడరు. పోలేరమ్మ అలా కాదు. మీ పక్క బెంచీలో కూర్చున్నవాళ్ల ఇంటి దేవత కావచ్చు, ఆ బొమ్మ చేసే ఇంటి బిడ్డే మీ టేబుల్ దగ్గర కూర్చుని ఉండొచ్చు. అందుకే బతికున్న నమ్మకం నుంచి పేరు, రూపం ఎత్తుకురావద్దు. దాన్ని విలన్‌గా, జోక్‌గా చేయొద్దు. పని ఎలా పంచుకున్నారు, ఎవరు ఎవరికి బాకీ అనే అల్లిక చూసి నేర్చుకోండి. పేరు, దేవుడు, కథ మీరే పుట్టించండి.

ఈసారి మీ మఠం రాసేటప్పుడు అంగీ రంగు చివర్లో రాయండి. ముందు నియమం, తర్వాత అన్నం, ఆ తర్వాత చేతులు. మూడూ కుదిరాక లోపల ఒక గొడవ పెట్టండి. అప్పుడు సన్యాసులు కనబడగానే ప్లేయర్లు డైస్ పక్కన పెట్టి, "స్వామీ, మీ కథేంటి?" అని అడుగుతారు.