ఇత్తడి గొట్టాన్ని కరెక్ట్ పొడవుకు కట్ చేయాలంటే ఏ టూల్ బెస్ట్? కేస్ ట్రిమ్మర్ల నుంచి నేర్చుకోవాల్సిన పాఠం

టూల్స్ వీడియోలు చూసే అలవాటు ఉంటే కేస్ ట్రిమ్మర్లు మీ ఫీడ్‌లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని కేస్ అంటారు. అమెరికా లాంటి దేశాల్లో చాలామంది షూటర్లు దాన్ని పారేయకుండా మళ్లీ నింపి వాడతారు. నింపే ముందు దాని పొడవును సరిచేసే పరికరమే ఈ ట్రిమ్మర్.

మన దగ్గర షూటింగ్ ఫాలో అయ్యేవాళ్లకు కూడా ఇది కొత్తగానే అనిపిస్తుంది. హైదరాబాదీ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో గాలి ఒత్తిడితో చిన్న పెల్లెట్ వెళ్తుంది, ఇత్తడి కేస్ అసలు ఉండదు.

ముందే ఒక మాట. ఇండియాలో ఆయుధాల చట్టం 1959 ప్రకారం తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు నిర్వచనంలోకే వస్తాయి. తయారీకి లైసెన్స్ తప్పనిసరి. కాబట్టి వీడియో చూసి సరదాగా ఆర్డర్ పెట్టే వస్తువు కాదిది. కానీ ఆ టూల్స్ వెనకున్న ఇంజినీరింగ్ మాత్రం మన ప్రాజెక్టులకు బాగా పనికొస్తుంది.

అసలు ఎందుకు ట్రిమ్ చేస్తారు?

కాల్చిన ప్రతిసారీ, మళ్లీ సైజు చేసిన ప్రతిసారీ ఇత్తడి కొంచెం సాగుతుంది. కేస్ మరీ పొడవైతే దాని మూతి బ్యారెల్ మొదట్లో ఇరుక్కుని బుల్లెట్‌ను గట్టిగా పట్టేస్తుంది, దాంతో ప్రెషర్ ప్రమాదకరంగా పెరగొచ్చు. ఉదాహరణకు .308 విన్‌చెస్టర్ కేస్ గరిష్ఠ పొడవు 51.18 మి.మీ. ట్రిమ్ చేసేది 50.93 మి.మీ.కి. తేడా పావు మిల్లీమీటరే!

మూడు రకాల ట్రిమ్మర్లు

1. ఫిక్స్‌డ్ గేజ్: లీ కంపెనీ అమ్మే చవక మోడల్ ఇలాంటిదే. కేస్ లోపలికి ఒక పిన్ను దిగుతుంది. అది అడుగున తగలగానే కోత ఆగిపోతుంది. పిన్ను పొడవే కొలత కాబట్టి సెట్టింగ్ ఏమీ ఉండదు. కాకపోతే ఒక్కో సైజుకు ఒక్కో పిన్ను కొనాలి.

2. చేతితో తిప్పే చిన్న లేత్: ఫోర్‌స్టర్, ఆర్‌సీబీఎస్ లాంటివి. అడుగు భాగాన్ని బిగించి, హ్యాండిల్ తిప్పుతూ మూతిని కోస్తారు. స్టాప్‌ను జరుపుకుని ఏ పొడవుకైనా సెట్ చేసుకోవచ్చు. కానీ వందల కేసులు చేయాలంటే చెయ్యి నొప్పి పుడుతుంది.

3. భుజం ఆధారంగా కోసే మోటార్ ట్రిమ్మర్: జిరాడ్ ఇందులో ఫేమస్. రైఫిల్ కేస్ సీసాలా ఉంటుంది కదా, మెడ కింద ఉండే ఆ వాలును ఆనించి కోస్తుంది. కోయడం, లోపలి అంచు, బయటి అంచు నునుపు చేయడం, అన్నీ ఒకే దెబ్బకు అయిపోతాయి. స్పీడ్‌లో దీన్ని కొట్టేది లేదు. అయితే భుజం ఎత్తు ఒక్కో కేస్‌కు ఒక్కోలా ఉంటే, మొత్తం పొడవు కూడా అలాగే మారిపోతుంది.

గమనించారా? మూడింట్లో బ్లేడు చేసే పని ఒక్కటే. అసలు తేడా అంతా కొలత ఎక్కడి నుంచి మొదలవుతుందన్న దాంట్లోనే ఉంది. టూల్‌ను పోల్చాల్సింది మొదట ఇక్కడే.

మన బెంచ్ మీద ఇదే పాఠం

హన్మకొండలో నా బెంచ్ మీద ఎక్కువగా చేసే పని రాస్‌ప్బెర్రీ పై బోర్డులకు ఇత్తడి స్పేసర్లు కట్ చేయడం. బోర్డుకు నాలుగు ఎం2.5 రంధ్రాలు, 58 × 49 మి.మీ. దూరంలో ఉంటాయి. నాలుగు స్పేసర్లలో ఒకటి పొట్టిగా ఉందనుకోండి, స్క్రూ బిగించగానే బోర్డు మెలిక పడుతుంది. ఆ ఒత్తిడికి బోర్డు మీదున్న చిన్న సిరామిక్ కెపాసిటర్లు బయటికి కనిపించకుండా లోపలే పగలొచ్చు. బోర్డు ఎందుకు మొరాయిస్తుందో తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ట్యూబ్ కట్టర్: ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండేదే, చిన్న సైజు. చక్రం ఇత్తడిని నొక్కుతూ తెంపుతుంది, పొడి రాదు. కానీ అంచు లోపలికి ముడుచుకుని రంధ్రం సన్నబడుతుంది, రీమర్‌తో మళ్లీ విప్పాలి. పొడవుకు స్టాప్ ఉండదు, మార్కింగ్ పెట్టుకుని కంటితో చూసుకోవాల్సిందే. ముక్కలు విడదీయడానికి బాగుంటుంది, ఫైనల్ సైజుకు పనికిరాదు.

హ్యాక్సా + ఆకురాయి + జిగ్: నా ఫేవరెట్ ఇదే. లేత్ షాపులో 10 మి.మీ. మందం ఉన్న ఇనుప దిమ్మెకు గొట్టం పట్టేంత రంధ్రాన్ని నిటారుగా వేయించుకోండి. హ్యాక్సాతో గొట్టాన్ని కాస్త ఎక్కువగానే కోయండి. దిమ్మెను అద్దం ముక్క మీద పెట్టి, గొట్టాన్ని రంధ్రంలో దించి, పైన మిగిలింది దిమ్మె మట్టానికి వచ్చేదాకా ఆకురాయితో రుద్దండి. తర్వాత తిప్పి రెండో కొసను కూడా ఒకసారి చూసుకోండి. ఇది అచ్చం ఫిక్స్‌డ్ గేజ్ సూత్రమే. దిమ్మె 10.05 ఉన్నా ఫర్వాలేదు, నాలుగూ 10.05 వస్తాయి. మనకు కావాల్సింది ఆ సమానత్వమే.

మినీ లేత్: నీట్‌నెస్‌లో ఇదే టాప్. అయితే చక్‌లో గొట్టాన్ని ప్రతిసారీ ఒకే లోతుకు ఆపే స్టాప్ లేకపోతే, అంత ఖరీదు పెట్టినా ఒక్కో ముక్క ఒక్కోలా వస్తుంది.

ఏ ఇత్తడి అనేది కూడా చూడండి

కేసుల్లో వాడేది 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉన్న ఇత్తడి. బాగా సాగుతుంది, అందుకే కోసినప్పుడు అంచున బర్ లేస్తుంది. వరంగల్, హైదరాబాద్ దారిలో ఉన్న పెంబర్తి గుర్తుందా? అక్కడి కళాకారులు ఇత్తడి రేకును కొట్టి బొమ్మలు తేలుస్తారు. కొట్టేకొద్దీ గట్టిపడే రేకును మధ్యలో వేడి చేసి మెత్తబరుస్తారు. ఇత్తడికున్న ఈ సాగే గుణమే వాళ్లకు వరం, కోసేవాళ్లకు తలనొప్పి. లేత్ పనికి వాడే ఇత్తడి కడ్డీల్లో మాత్రం సాధారణంగా కొద్దిగా సీసం కలుపుతారు. దాంతో పొడి చిన్న ముక్కలుగా రాలి, కోత నీట్‌గా వస్తుంది. ఆ పొడిని డైనింగ్ టేబుల్ మీద రాల్చకండి. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, కళ్లద్దాలు తప్పనిసరి.

కొలిచేటప్పుడు

బర్ తీశాకే క్యాలిపర్ పెట్టండి, లేకపోతే మీరు కొలిచేది బర్‌ను కూడా కలిపి. డిజిటల్ క్యాలిపర్ 0.01 వరకు చూపిస్తుంది కానీ, మామూలు మోడళ్ల నిజమైన కచ్చితత్వం 0.02 మి.మీ. దగ్గర ఉంటుంది. 50 మి.మీ. ఇత్తడి ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.03 మి.మీ. పెరుగుతుంది. కోసిన వెంటనే కాకుండా చల్లారాక కొలవండి.

ఫైనల్ వెర్డిక్ట్

పదో ఇరవయ్యో ముక్కలకైతే హ్యాక్సా, ఆకురాయి, జిగ్ చాలు. రకరకాల పొడవులు తరచూ కావాలంటే స్టాప్ ఉన్న మినీ లేత్ తీసుకోండి. ట్యూబ్ కట్టర్‌ను ఈ రెండింటికీ తోడుగా ఉంచుకోండి. ఏది కొన్నా షాపులో మోటార్ స్పీడ్ అడిగే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఇందులో ముక్క ఎక్కడ ఆనుతుంది, ప్రతిసారీ అక్కడే ఆనుతుందా? దానికి సరైన జవాబు రాకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.