ఇంజిన్ బుస్సుమంటే ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి

బానెట్ కింద నుంచి బుస్సుమని శబ్దం రాగానే చాలామంది కారు పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, నేరుగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేస్తారు. ముఖమూ చేతులూ కాలేది అక్కడే. శబ్దం ఎక్కడిదో తర్వాత వెతకవచ్చు. ముందు మనిషి క్షేమం.

వేడెక్కిన ఇంజిన్: చేయకూడనివి

వేడిగా ఉన్న ఇంజిన్‌పై రేడియేటర్ మూతగానీ, కూలెంట్ ట్యాంకు మూతగానీ తిప్పకండి. లోపల కూలెంట్ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఆగుతుంది. మూత కదిలిందంటే ఆ ఒత్తిడి పోయి, ద్రవమంతా ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతుంది. ఆవిరి పోకముందే కుక్కర్ మూత లాగితే జరిగేదీ ఇదే. తడిగుడ్డ అడ్డం పెట్టుకుంటే ఏమీ కాదని చెప్పేవాళ్లు ఉంటారు. దయచేసి వినకండి. గుడ్డలోంచి దిగిన వేడినీళ్లు చర్మానికి అంటుకుని ఇంకా లోతుగా కాలుస్తాయి.

కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి, రేడియేటర్‌లోనూ పోయకండి. సిలిండర్ హెడ్డు వంగవచ్చు, బీటలు వారవచ్చు. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని నడపకండి. హెడ్ గ్యాస్కెట్ కాలిపోతే హోస్ పైపుతో పోయే రిపేరు ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

చేయవలసినవి

టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు వెళ్తుంటే వెంటనే ఏసీ ఆపండి. ఆపుకునే చోటు దొరికేలోగా హీటర్ ఫుల్‌గా పెట్టండి. మే నెల ఎండలో కష్టమే, కానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. రోడ్డు ఎడమ అంచున ఆపి, ఇంజిన్ కట్టేసి, హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ వెనక దూరంగా పెట్టండి. పిల్లల్నీ పెద్దల్నీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

ఆవిరి వస్తున్నంతసేపూ బానెట్ ఎత్తకండి. కాలుతున్న వాసన, పెట్రోలు వాసన, మంట, వీటిలో ఏది ఉన్నా అసలే ఎత్తకండి. గాలి తగిలితే మంట పెరుగుతుంది. దూరంగా వెళ్లి 112కు ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోతే కనీసం అరగంట ఆగి, చల్లారాక చూడండి. తాళం తీసేసినా కొన్ని కార్లలో ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది. చున్నీ, కొంగు, వదులుగా ఉన్న చొక్కా చేతులు అటు వైపు పోనివ్వకండి.

ట్యాంకు మీద రెండు గీతల మధ్య కూలెంట్ ఉందో లేదో చూడండి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర తడి, ఎండిన ఆకుపచ్చ లేదా గులాబీ మరకలు కనిపిస్తే లీకు అక్కడే. పూర్తిగా చల్లారాక అత్యవసరంగా మంచినీళ్లు పోయవచ్చు, కానీ తర్వాత సరైన కూలెంట్ మార్పించుకోవాలి. కారిన కూలెంట్ విషం. కుక్కలు నాకకుండా, పిల్లలు ముట్టకుండా కడిగేయండి.

ఆవిరి లేకుండా శబ్దం వస్తే

శబ్దం ఎప్పుడు వస్తుందో గమనించండి. మెకానిక్‌కు అందులోనే సగం జవాబు దొరుకుతుంది.

ఇంజిన్ ఆపాక ఏసీ వైపు నుంచి కాసేపు సన్నగా వచ్చి ఆగిపోతే, గ్యాస్ ఒత్తిడి సర్దుకుంటోందని అర్థం. భయం లేదు. నిలబడి ఉన్నప్పుడు ఆగకుండా వస్తూ, ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండి, చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఎక్కడో వాక్యూమ్ పైపు చిట్లి ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి వెతికే అలవాటు కొందరికి ఉంది. అది అంటుకునే ద్రవం, పక్కనే ఎగ్జాస్ట్ కాలుతూ ఉంటుంది. ఆ పని మీరు చేయకండి. గ్యారేజీలో పొగ పెట్టి చూసే పరికరం ఉంటుంది.

బ్రేకు తొక్కినప్పుడే బుస వినిపించి, పెడల్ గట్టిపడితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బ్రేక్ బూస్టర్ పొర చిరిగి ఉండవచ్చు. ఇంజిన్ ఆపి పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. కాలు అలాగే ఆనించి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే ఆ కారు నడపకండి, టో చేయించండి.

డీజిల్ కారులో వేగం పెంచేటప్పుడు బుస వచ్చి పికప్ తగ్గితే టర్బో పైపు క్లిప్పు వదులై ఉంటుంది. డీజిల్ లీకేమో అని ఇంజెక్టర్ పైపుల వెంట వేలు పెట్టి మాత్రం తడమకండి. అక్కడి ఒత్తిడికి సన్నని చుక్క కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. గాయం చిన్నగా కనిపించినా అది అత్యవసర శస్త్రచికిత్స దాకా వెళ్తుంది.

సీఎన్‌జీ కారైతే బుసతో పాటు గ్యాస్ వాసన వస్తుందా చూడండి. వస్తే ఇంజిన్ కట్టి, అందరినీ దింపి, తలుపులు తెరిచి దూరం జరగండి. స్విచ్చులు, అగ్గిపెట్టె, సిగరెట్ వద్దు. సిలిండర్‌లో గ్యాస్ 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. దాని జాయింట్లు మీరు బిగించకండి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పించకండి.

ఆవిరి తగిలి కాలితే

కాలిన చోట కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పడనివ్వండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. పేస్టు, పసుపు, ఇంకు, ఐసు పెట్టకండి. ముఖం, కళ్లు కాలితే 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033.

ఈ వేసవిలో ఊరికి బయల్దేరే రోజు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి కూలెంట్ మట్టం, హోస్ పైపులు ఒకసారి చూసుకోండి.