ఆదివారం ఒక్కటి చేతిలో ఉంచుకోండి

నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పనిచేసే పిల్లలు కొరియా వెళ్ళిరావడం ఇప్పుడు వింతేమీ కాదు. కంపెనీ కొత్త మిషన్ కొంటే ట్రయల్ చూసి ఒప్పుకోవడానికి పోతారు, లేదంటే ట్రైనింగుకి పోతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలయ్యాక అనంతపురం పిల్లలకూ ఆ దారి తెరుచుకుంది. మా నాగారం కాలనీలో ఎవరికి కొరియా టికెట్ వచ్చినా సాయంత్రానికి మా గేటు చప్పుడవుతుంది. "అంకుల్, చలి ఎట్లుంటది? తిండి ఎట్లా? ఎన్ని డాలర్లు మార్చుకోవాలి?" ఇవే ప్రశ్నలు. పని అయ్యాక ఖాళీ దొరికితే ఏం చేయాలని మాత్రం ఎవరూ అడగరు. ఉద్యోగమంతా ఇన్‌స్పెక్షన్‌లోనే గడిచినవాణ్ణి, ఛాంగ్వన్, బుసాన్ వైపు పని మీద తిరిగినవాణ్ణి. అడగనిదానికే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

1. సియోల్ మీద ఆశ వదులుకోండి

పని మీద పోయినవాడికి దొరికేవి సాయంత్రాలు, ఒక ఆదివారం. అంతే. ఛాంగ్వన్ నుంచి సియోల్‌కు వేగంగా పోయే కెటిఎక్స్ రైల్లో కూడా పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మిగిలిన పూటలో రాజభవనం ముందు ఫోటో దిగి, మళ్ళీ స్టేషన్‌కు పరుగెత్తాలి. అది టూరిస్టుల పని, వాళ్ళకు తీరిక ఉంటుంది. వాళ్ళకు లేనిది మీకొకటి ఉంది. ఫ్యాక్టరీలో వారమంతా మీ పక్కన నిలబడి, ఒకే గేజి పట్టుకుని కొలతలు చూసిన మనుషులు మీకు తెలుసు. ఆ మనుషులు ఎక్కడ ఉంటారు, ఏం కొంటారు, వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడినుంచి వచ్చారు? మీ ఖాళీ పూట దానికి పెట్టండి.

2. ఊరు ఎట్లా పుట్టిందో తెలుసుకొని పోండి

ఛాంగ్వన్ పాతకాలపు ఊరు కాదు. 1970లలో యంత్రాల పరిశ్రమ కోసమే ప్లాను గీసి కట్టారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాను నమూనాగా తీసుకున్నారని అక్కడివాళ్ళు చెప్తారు. ఒకవైపు ఫ్యాక్టరీలు, ఇంకోవైపు ఇళ్ళు, నడుమ పదమూడు కిలోమీటర్లకు పైగా వంపు లేకుండా సాగే రోడ్డు. 2010లో పక్కనున్న మసాన్, జిన్హేలను కూడా ఇందులోనే కలిపేశారు. ఊరంతా 'నుబిజా' అనే అద్దె సైకిళ్ళు 2008 నుంచి ఉన్నాయి. పని దిగాక ఊరు చూడడానికి ఇంతకంటే చవక దారి లేదు.

మనవాళ్ళు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. రాత్రిపూట ఉప్పల్ డిపోలో నిలబడే మన మెట్రో రైళ్ళు తయారైంది ఈ ఛాంగ్వన్‌లోనే, హ్యుందాయ్ రోటెమ్ ఫ్యాక్టరీలో. మూడేసి పెట్టెల రైళ్ళు 57 ఆర్డరు ఇచ్చారు. మొదటిది 2014లో ఓడలో చెన్నై రేవుకు, అక్కణ్ణుంచి ట్రైలర్ల మీద రోడ్డున ఉప్పల్‌కు వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్, నాగోలు మధ్య జనం ఎక్కారు. ఛాంగ్వన్‌లో ఎవరైనా మీదే ఊరని అడిగితే హైదరాబాద్ అని ఊరుకోకండి. మీరు చేసిన రైళ్ళు తిరిగే ఊరు అని చెప్పండి. మాట కలవడానికి అంతకంటే మంచి ఎత్తుకోలు నాకు దొరకలేదు.

3. సాయంత్రం మాల్‌కు కాదు, అంగడికి

మాల్‌లో కనపడేవన్నీ మన ఉప్పల్ మాల్‌లోనూ ఉంటాయి. కొరియాలో ఇప్పటికీ చాలాచోట్ల ఐదురోజులకొకసారి సంత కూడుతుంది. ఫలానా తేదీ అని ముందే ఖాయంగా ఉంటుంది, కాబట్టి మీ హోటల్ కౌంటర్ దగ్గర అడిగితే చెప్తారు. సంత లేని రోజైనా పాత మార్కెట్ సందులు తెరిచే ఉంటాయి.

ఆ సందుల్లో మీరు వెతకవలసింది గిర్ని. అవును, మన కారం పట్టించే గిర్నిలాంటిదే. ఎండుమిరపకాయల సంచులు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఎవరి సంచి పక్కన వాళ్ళు స్టూళ్ళ మీద కూర్చుని ఉంటారు. పెద్దావిడలే ఎక్కువ. వాళ్ళ కళ్ళన్నీ మిషన్ మీదే, ఎవరి కాయల్లో ఎవరి కారం కలుస్తుందోనని. ఒక పక్క నువ్వులు వేయించి గానుగ పడతారు. నూనె వేడివేడిగా సన్నటి ధారగా దిగుతుంటే సోజు సారా తాగిన ఖాళీ ఆకుపచ్చ సీసాల్లోకి పట్టి, మూత బిగించి ఇస్తారు. ఆ వాసనకు మన ముక్కు కొత్తబడదు. నువ్వులనూనె, కారం, వెల్లుల్లి ఈ మూడూ తెలిసినవాడికి కొరియా అంగడిలో బెరుకెందుకు? నాకైతే ఆ దేశంలో అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

అక్కడ చిన్న చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇచ్చేటప్పుడు, వస్తువు తీసుకునేటప్పుడు రెండు చేతులూ వాడండి. టిప్పు అనే అలవాటు ఆ దేశంలో లేదు.

4. తిండి సంగతి

శాకాహారులకు చిక్కే, దాచేదేం లేదు. కిమ్చీలో కూడా చేపల రసం, ఉప్పురొయ్యలు పడతాయి. మాంసం లేకుండా బిబింబాప్ చేయమంటే చేస్తారు. ఏ మూల చూసినా ఒక చిన్న కిరాణా దుకాణం రాత్రంతా తెరిచి ఉంటుంది, అందులో ప్లాస్టిక్ గిన్నెల్లో వండిన అన్నం అమ్ముతారు. వేడిచేసుకునే మైక్రోవేవ్ కూడా అక్కడే. కందిపొడి ఒక పొట్లం, నెయ్యి చిన్న డబ్బా సంచిలో ఉంటే చాలు. ఆవకాయ, నెయ్యి చేతి బ్యాగులో పెట్టకండి, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లు చుట్టి పెట్టండి.

మాంసం తినేవాళ్ళు పులుసు దేనితో కాచారో అడిగి తినండి. బుసాన్‌లో పేరున్న గుక్బాప్ పందిమాంసం రసంలో అన్నం.

5. ఆదివారం బుసాన్‌లో ఒక్క మెట్రో లైను పట్టుకోండి

ఛాంగ్వన్ నుంచి బస్సెక్కితే గంటలోపే బుసాన్‌లోని ససాంగ్ టెర్మినల్. అక్కడ మెట్రో రెండో లైను ఎక్కి, సొమ్యోన్‌లో ఒకటో లైనుకు మారి, బుసాన్ రైల్వే స్టేషన్ దగ్గర దిగండి. హేఉందే బీచి, పైన గాజు మేడలు అని అందరూ చెప్తారు. సముద్రానికి విశాఖ ఉంది, గాజు మేడలకు గచ్చిబౌలి ఉంది. మీరు కొండ ఎక్కండి.

బుసాన్ అర్థం కావాలంటే 1950 తెలియాలి. ఆ ఏడు జూన్‌లో ఉత్తర కొరియా సైన్యం దిగింది. ఆగస్టుకల్లా దక్షిణాన మిగిలింది బుసాన్ చుట్టూ ఒక మూల మాత్రమే. ఆ మూలను కాచిన యుద్ధరేఖకు పడమటి కొన మసాన్ దగ్గర నిలిచింది, అంటే మీరు పనిచేసే ఊరి పక్కనే. బుసాన్ తాత్కాలిక రాజధాని అయింది. దేశం నలుమూలల నుంచి కాందిశీకులు వచ్చిపడి, ఊరి జనం దాదాపు రెట్టింపయ్యారు. చదును నేల చాలక కొండల మీదికి ఎక్కారు. అట్టపెట్టెలు, రేకులు, చెక్కలు దొరికినవాటితో గుడిసెలు వేసుకున్నారు. ఇవాళ ఆ కొండల మీద రంగురంగుల ఇళ్ళు కనపడి ఫోటోలు తీస్తారు. వాటి కింద ఉన్నది ఆ గుడిసెల వరసే.

స్టేషన్‌కు ఎదురుగా చోర్యాంగ్ పేటలో 168 మెట్ల దారి ఉంది. నిట్టనిలువు. కింద బావి, పైన ఇళ్ళు. నీళ్ళు మోసుకుంటూ ఆడవాళ్ళు ఎక్కిన మెట్లు అవి. మీరు ఖాళీ చేతులతో ఎక్కి చూడండి, సగంలోనే మోకాళ్ళు మాట్లాడతాయి. మళ్ళీ మెట్రో ఎక్కి నాలుగు స్టేషన్లు పోతే తోసంగ్. అక్కడి అమి-దోంగ్ కొండపేట ఒకప్పుడు జపనీయుల శ్మశానం. కాందిశీకులకు వేరే చోటు లేక సమాధుల మీదే ఇళ్ళు కట్టుకున్నారు. సమాధిరాళ్ళు గడపల కింద, మెట్లలో, గోడల అడుగున ఇప్పటికీ కనపడతాయి, కొన్నిటి మీద అక్షరాలు కూడా. జనం కాపురం ఉంటున్న ఇళ్ళు అవి. గొంతు తగ్గించండి, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి.

తిరిగి కిందికి నడిస్తే గుక్జే మార్కెట్. యుద్ధకాలంలో కాందిశీకులు, సైన్యం దగ్గరి నుంచి బయటికొచ్చిన సరుకు, రేవులో దిగిన సరుకు అన్నీ కలిసి పెరిగిన బజారు. ఈ బజారు పేరుతోనే 2014లో కొరియాలో ఒక సినిమా వచ్చింది. దాన్నే హిందీలో సల్మాన్ ఖాన్‌తో 'భారత్' అని తీశారు, 2019లో. రెండూ చూసినవాడిగా చెప్తున్నా, కొరియాది చూడండి. పక్కనే చకల్చి చేపల మార్కెట్. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకుని బేరం చేసేది అంతా ఆడవాళ్ళే. అది దాటితే యోంగ్‌దో వంతెన. యుద్ధంలో చెల్లాచెదురైన కుటుంబాలు "తప్పిపోతే ఆ వంతెన దగ్గర కలుద్దాం" అనుకుని వచ్చేవాళ్ళట. బుసాన్‌లో అందరికీ తెలిసిన గుర్తు అదొక్కటే మరి. రోజుల తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు.

ఆకలి వేస్తే మిల్‌మ్యోన్ అనే చల్లటి గోధుమ సేమ్యా తినండి. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళకు తమ ఊరి నూడుల్స్ చేయడానికి కావలసిన కుట్టు (బక్‌వీట్) పిండి ఇక్కడ దొరకలేదు. సాయంగా వచ్చిన అమెరికా గోధుమపిండితో చేసుకున్నారు. రసం ఎముకలతో కాస్తారు, శాకాహారులకు పనికిరాదు.

6. మనవాళ్ళూ అక్కడ దిగారు

ఇంకో పూట దొరికితే రెండో లైనులో దేయోన్ దగ్గర దిగి, ఐక్యరాజ్యసమితి శ్మశానవాటికకు వెళ్ళండి. 1951లో మొదలైంది. ఆ యుద్ధంలో ఐక్యరాజ్యసమితి తరఫున నిలిచిన దేశాలవాళ్ళు రెండువేల మూడువందల మందికి పైగా అక్కడ ఉన్నారు. ఏటా నవంబరు 11న ఉదయం పదకొండు గంటలకు వాళ్ళ గౌరవార్థం మౌనం పాటిస్తారు. మన దేశం ఆ యుద్ధానికి పోరాడే దళాన్ని పంపలేదు, వైద్యదళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబరులో దిగింది ఈ బుసాన్ రేవులోనే. 1951 మార్చిలో ఆయన దళంలో కొందరు మున్సాన్ దగ్గర పారాచూట్లతో దూకి గాయపడినవాళ్ళకు చికిత్స చేశారు. ఆయనకు మహావీరచక్ర వచ్చింది. కొరియాలో పెద్దవయసు వాళ్ళకు ఈ సంగతి గుర్తుంది. మన స్కూలు పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు.

7. అయోధ్య రాణి మాట

ససాంగ్ నుంచే గిమ్హేకు తేలికపాటి రైలు ఉంది, 2011లో వేశారు. అక్కడ సురో రాజు సమాధి, కొంచెం దూరంలో ఆయన రాణి హో హ్వాంగ్-ఓక్ సమాధి. క్రీ.శ. 48లో అయుత అనే దేశం నుంచి ఓడలో వచ్చిందని 13వ శతాబ్దంలో రాసిన 'సంగుక్ యూసా' చెప్తుంది. ఆ అయుతే అయోధ్య అంటూ 2001లో గిమ్హేవాళ్ళు అయోధ్యలో స్మారకం కట్టించారు. చరిత్రగా నిలబడుతుందా అంటే అనుమానమే. కానీ గిమ్హే కిమ్ అనే వంశంవాళ్ళు ఆ దేశంలో లక్షల మంది, అందరూ ఆ రాణి సంతానమనే చెప్పుకుంటారు. మీ షాప్‌ఫ్లోర్‌లో కిమ్‌లు ఎలాగూ ఉంటారు. ఏ కిమ్ అని అడగండి. గిమ్హే అంటే మీరు మేనమామ వరస అయినట్టే!

8. చిల్లర సంగతులు

టీమనీ కార్డు కిరాణా దుకాణంలో కొనండి, బస్సుకూ మెట్రోకూ అదే. దిగేటప్పుడు కూడా తాకించాలి. నడిచే దారికి నేవర్ మ్యాప్ పెట్టుకోండి, గూగుల్‌ది నాకు అక్కడ పనికిరాలేదు. మెట్రో పెట్టె చివర ఉన్న వృద్ధుల సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోకండి.

9. సోమవారం ఏం జరుగుతుందంటే

మా మిషన్ ట్రయల్ చూసే ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు. కొలత చెప్పడం, తల ఊపడం తప్ప మాట ఉండేది కాదు. నేను సోమవారం పొద్దున అమి-దోంగ్ పోయొచ్చానని చెప్పాను. ఆయన పెన్ను తీసి, ఇన్‌స్పెక్షన్ షీటు వెనకవైపు కొరియా పటం గీసి, పైన కుడివైపు ఒక చుక్క పెట్టాడు. హుంగ్నామ్. 1950 డిసెంబరులో ఉత్తర కొరియాలోని ఆ రేవు నుంచి ఐక్యరాజ్యసమితి సైన్యం వెనక్కి తగ్గుతుంటే మెరెడిత్ విక్టరీ అనే సరుకు ఓడ పద్నాలుగు వేలమంది శరణార్థులను ఎక్కించుకుని గోజే దీవిలో దింపింది. ఆ రోజుల్లో అదే రేవు నుంచి వచ్చిన కుటుంబం ఆయనది. ఆ మధ్యాహ్నం నుంచి స్పిండిల్‌లో తేడా వస్తే నేను అడగకముందే ఆయనే చూపించేవాడు. రిపోర్టులో రాయడానికి వీల్లేని లాభం అది, కానీ మిషన్ నాచారం వచ్చాక తెలిసింది.

10. ఇది యజమానులకు

నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల యజమానులకూ, టికెట్లు బుక్ చేసే ఆఫీసువాళ్ళకూ ఒక విన్నపం. శుక్రవారం ట్రయల్ అయిపోతుంది కదా అని శనివారానికే తిరుగు టికెట్ తీయకండి, సోమవారానికి తీయండి. అదనంగా పడేది రెండు రాత్రుల గది అద్దె. మీరు కొనే మిషన్ ధరలో అది లెక్కకు కూడా రాదు.