కే-2 కొండపై సహయాత్రికులు

మైదానమున నొకదినము నడచుట యెవరికైనను సాధ్యమే. గుడారమును, వంటపాత్రలను, పలుదినములకు వలయు తిండిని వీపున మోసికొని, నానాటికి ఎత్తునకు సాగు పర్వతయాత్ర అట్టిది కాదు. అచట ఒక్కని యలసట ఎల్లర యలసట; ఒక్కని పొరపాటు ఎల్లరకు ముప్పు. జట్టులో మిక్కిలి మెల్లగా నడచువాని నడకయే అందరి నడక. కావున నిట్టి యాత్రకు పోవువారు కాలిబలముతోపాటు తోడివారి మనసును కూడ పరికింతురు. 1953వ సంవత్సరమున కే-2 పర్వతముపై జరిగిన యాత్ర ఈ సత్యమునకు నిదర్శనము.

కారకోరం శ్రేణిలోని కే-2 శిఖరము ఎత్తు 8,611 మీటర్లు. లోకమున దీనికంటె ఎత్తైనది ఎవరెస్టు ఒక్కటియే. ఎక్కుటకు మాత్రము ఎవరెస్టుకంటె కే-2 కఠినమైనదని పేరొందినది. 1953లో దీని నెక్కదలచి అమెరికానుండి యొక జట్టు బయలుదేరెను. నాయకుడు చార్లెస్ హూస్టన్ అను వైద్యుడు. ఆతడు 1938లో నొకమారు ఈ కొండపై ప్రయత్నించి, శిఖరమును చేరలేక మరలినవాడు. నాటి తోడివాడగు రాబర్ట్ బేట్స్ ఈమారును వెంటనుండెను. తక్కినవారి నెన్నుకొనునపుడు వీరు నేర్పరితనము నొక్కటే చూడలేదు. ఇరుకు గుడారములలో విసుగును కలహమును లేక కలసిమెలసి యుండగలవారెవరని విచారించిరి. అట్లు చేరినవారు జార్జి బెల్, రాబర్ట్ క్రెయిగ్, ఆర్ట్ గిల్కీ, డీ మోలెనార్, పీట్ షోనింగ్ అనువారు. బ్రిటిషు సైనికోద్యోగి టోనీ స్ట్రీథర్ ఎనిమిదవవాడు.

వీరు స్కార్దూ పట్టణమునుండి బాల్టోరో హిమానీనదము మీదుగా నడచి, జూను నెలలో కొండ యడుగునకు చేరిరి. అచటినుండి ఒక శిబిరముపై నొక శిబిరము నిలుపుచు మెల్లమెల్లగా నెక్కసాగిరి. క్రింది శిబిరములవరకు హుంజా కూలీలు తోడ్పడిరి. ఆపైన తమ బరువులను తామే మోసికొనిరి. ఆగస్టు 2వ తేదీకి ఎనమండుగురును 25,000 అడుగులకు పైనున్న ఎనిమిదవ శిబిరమున గూడిరి. ఇక శిఖరమునకు ముందుగా నెవరు పోవలెను? నాయకుడు తన యిచ్ఛ చొప్పున నిర్ణయింపక, రహస్యముగా ఓట్లు వేయించెను. బెల్, క్రెయిగ్ మొదటి జంటగను, గిల్కీ, షోనింగ్ రెండవ జంటగను ఎన్నికైరి.

కాని తుఫాను వారిని కదలనీయలేదు. దినములు గడచెను. ఒక గుడారము గాలికి పాడైపోగా, అందలివారు ఇతర గుడారములలో తలదాచుకొనిరి. ఆగస్టు 7న గిల్కీ వెలుపలికి వచ్చి నిలువబోయి కూలిపోయెను. హూస్టన్ పరీక్షించి, కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టినదని గ్రహించెను. త్వరితముగా క్రిందికి దింపుట తప్ప వేరు మార్గము లేదు. అంతటి నిటారు కొండపై నడువలేని మనుష్యుని దింపుట దాదాపు అసాధ్యమని వారందరెరుగుదురు. అతనిని విడిచి దిగినచో తమ ప్రాణములకు ముప్పు తగ్గునని కూడ నెరుగుదురు. అయినను విడిచిపోవు నాలోచనకు వారు తావీయలేదు. శిఖరముపై నాశ వదలుకొని, నాడే గిల్కీని దింప యత్నించిరి. మంచుచరియలు విరిగిపడు ప్రమాదము కనబడగా మరల శిబిరమునకు వచ్చిరి. ఇంతలో నెత్తురుగడ్డలు ఊపిరితిత్తులకు కూడ ప్రాకెను.

ఆగస్టు 10న తుఫాను శమింపకున్నను వారు బయలుదేరిరి. గిల్కీని నిద్రసంచిలో నుంచి, పైన గుడారపు గుడ్డ చుట్టి, త్రాళ్లు కట్టి అడుగడుగుగా దింపసాగిరి. ఏడవ శిబిరపు తావు సమీపించినది. అపుడు మంచుపై బెల్ కాలు జారెను. అతని త్రాటనున్న స్ట్రీథరును పడెను. వారి త్రాడు హూస్టన్, బేట్స్‌ల త్రాటికి చిక్కుకొని వారిని లాగెను. గిల్కీతో కట్టియున్న మోలెనారును జారెను. క్షణములో అయిదుగురు లోయవైపు దొర్లిపోవుచుండిరి.

గిల్కీ త్రాటిని పైన షోనింగ్ పట్టియుండెను. అతడు తన మంచుగొడ్డలిని ఒక బండవెనుక దిగగొట్టి, త్రాటిని దానికిని తన నడుమునకును త్రిప్పి నిలిచియుండెను. చిక్కుపడిన త్రాళ్ల బరువంతయు వచ్చి ఆ గొడ్డలిపై పడెను. త్రాడు తెగలేదు, గొడ్డలి విరుగలేదు, షోనింగ్ పట్టు సడలలేదు. పడినవారందరును ఆగిపోయిరి.

హూస్టన్ తలకు దెబ్బతగిలి స్మృతి తప్పియుండెను. గాయపడినవారికై వెంటనే గుడారము నిలుపవలసివచ్చెను. అందుచే గిల్కీని రెండు మంచుగొడ్డళ్లకు కట్టి కదలకుండ నుంచి, తక్కినవారు ఆ పనికి పోయిరి. కొంతసేపటికి ముగ్గురు తిరిగివచ్చి చూడగా అతడు లేడు. మంచుచరియ కొట్టుకొనిపోయినదని తలచి వారు మిక్కిలి దుఃఖించిరి. మిగిలిన యేడుగురు అయిదు దినములు పాట్లుపడి, ఆగస్టు 15న కొండ యడుగునకు చేరిరి. చలికి పాదములు చెడిన బెల్‌ను తిరుగుదారిలో కూలీలు మోసికొనిపోయిరి. మిత్రులు గిల్కీ జ్ఞాపకార్థము రాళ్లు పేర్చి యొక గుఱుతు నిలిపిరి. తరువాత కే-2పై మరణించిన అనేకుల పేర్లును అచటనే చేర్పబడినవి.

మరుసటి యేడు, 1954 జూలై 31న, ఇటలీవారు కే-2 శిఖరమును తొలిసారిగా నెక్కిరి. 1953నాటి జట్టునకు శిఖరము దక్కలేదు, గిల్కీయు దక్కలేదు. అయినను పర్వతారోహకులు నేటికిని వారిని గౌరవముతో స్మరింతురు. షోనింగ్ వాడిన మంచుగొడ్డలి అమెరికాలోని కొలరాడోలో నొక వస్తుప్రదర్శనశాలయందు భద్రపరుపబడినది.

రోగియగు నొక్కని కొరకు పట్టిన త్రాడే ఆనాడు తక్కిన అయిదుగురిని నిలిపినది. తోడివానిని విడువక పట్టినవారు తామును ఆ పట్టువలననే బ్రతికిరి. కొండ యెక్కగోరువాడు మొదట నేర్వవలసినది ఇట్టి పట్టు.

ప్రశ్నలు

1. హూస్టన్, బేట్స్ తమ జట్టువారి నెట్లు ఎన్నుకొనిరి?

2. గిల్కీని దింపుట యెందుకు కష్టమైనది?

3. షోనింగ్ తోడివారి నెట్లు రక్షించెను?