మధుమేహము – ఇంటివారి తోడు

వ్యాధులు రెండు విధములు. కొన్ని వచ్చి పోవునవి. కొన్ని వచ్చి నిలుచునవి. మొదటివానికి వైద్యుడును ఔషధమును చాలును. రెండవవానికి ఇల్లంతయు తోడు కావలెను. మధుమేహము ఈ రెండవ కోవకు చెందినది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము, 2021 నాటికి మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి కలదు.

రోగి వైద్యుని ఎదుట కూర్చుండునది కొలది నిమిషములే. తక్కిన కాలమంతయు వంటయింటను, పనిచోటను, బంధువుల నడుమను గడచును. రెండు మూడు నెలల చక్కెర సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్ష ఒక విధముగా ఆ ఇంటి దినచర్యకే అద్దము.

మొదట భోజనమును గూర్చి విచారింతము. రోగికి మాత్రమే వేరుగా వండిన పథ్యము శిక్షగా తోచును. అన్నము తగ్గించి, పప్పును కూరలను పెంచి అందరును ఒకే వంట భుజించినచో అది ఇంటి అలవాటగును. దంపతులలో ఒకరికి ఈ వ్యాధి యున్నచో రెండవవారికిని వచ్చు అవకాశము హెచ్చు. కావున ఈ మార్పు ఇరువురికిని రక్ష.

ఇక సాయమునకును కాపలాకును గల భేదము తెలియవలెను. “మాత్ర వేసికొంటిరా? మరల లడ్డు తింటిరా?” అని నలుగురిలో నిలదీసిన, రోగి మారడు, దాచుట నేర్చును. మానిన మాత్రలను వేసికొంటినని చెప్పును. వైద్యుడు అది నమ్మి మోతాదు పెంచును. పిదప అన్నియు సక్రమముగా వేసికొన్న దినమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మందలింపు తెచ్చు కీడు ఇట్టిది. దానికి మారుగా “నేనేమి చేసిన నీకు సులువగును?” అని అడుగుట మేలు. సాయంకాలము కలిసి నడచుట, దినమును పాదములలో పుండు కలదేమో చూచుట నిజమైన సాయము.

రోగి ఇల్లాలైనచో మరియొక చిక్కు కలదు. అందరికిని వడ్డించి తాను కడపట తినుట మన ఇండ్లలో ఆచారము. ఇన్సులిన్ తీసికొని భోజనము ఆలస్యము చేసిన చెమట, వణుకు, మాట తడబాటు కలుగును. చక్కెర 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో సుమారు 15 గ్రాముల చక్కెర, అనగా చిన్న చెంచాతో మూడు నాలుగు, నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆమెను వేళకు భుజింపజేయుట భర్త కర్తవ్యము. వడ్డన ఆయనయే చేసిన తప్పేమి?

బంధుమిత్రుల మాటయు స్వల్పము కాదు. పెండ్లి విందులోగాని, దాసోహపు పంక్తిలోగాని “ఒక్కటి తిన్న ఏమగును?” అని బలవంతపెట్టుట ప్రేమగనే కానవచ్చును. “వద్దు” అన్న మాటను ఒక్కమారుతో మన్నించుటయే నిజమైన మర్యాద. ఒంటరిగా నుండు వృద్ధులకు పొరుగువారే కుటుంబము. వారి మందుల వేళ ఒకరైనను ఎరిగియుండవలెను.

మాత్ర మ్రింగువాడు ఒక్కడే. కాని ఆ మాత్ర ఫలించుటలో ఇంటివారికందరికిని పాలు కలదు. చదువరులు నేటి రాత్రి భోజనవేళ తమ ఇంట ఎవరు కడపట తినుచున్నారో గమనింతురుగాక.